మన మాటల్లో సైన్సు: కొలిమి, తారాజువ్వ

ఈ నెల శీర్షికను క్షమాపణతో మొదలుపెడుతున్నాను. ఎవరికి చెబుతున్నానో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

మా శనివారం తెలుగు తరగతి ప్లెజాన్స్ విమానాశ్రయానికి దగ్గర్లో జరుగుతుంది. విమానం మా కప్పు మీదుగా వెళ్లినప్పుడల్లా పాఠం ఆగిపోతుంది. నేను సుద్దముక్క పట్టుకుని నిలబడతాను. పిల్లలు కిటికీ వైపు చూస్తారు. మోత తగ్గాక మళ్లీ మొదలుపెడతాం.

ఒక శనివారం అలాగే పెద్ద విమానం ఒకటి వెళ్లింది. ముందు బెంచీలో అబ్బాయి అడిగాడు: "గురువుగారూ, విమానం అలాగే పైకి పైకి వెళ్తే చంద్రుడి దగ్గరికి పోతుందా?"

"పోదు నాయనా. దానికి రాకెట్ కావాలి" అన్నాను.

"రెండింట్లోనూ ఉన్నది నిప్పే కదా. మరి తేడా ఏమిటి?"

నాకు బాగా తెలిసినట్టే చెప్పాను. "విమానానికి రెక్కలున్నాయి. రాకెట్‌కు లేవు. అందుకని రాకెట్ తన కింద ఉన్న గాలిని గట్టిగా నెట్టి, ఆ ఊపుతో పైకి పోతుంది." పిల్లలు రాసుకున్నారు.

వెనక బెంచీలో పదకొండేళ్ల అమ్మాయి చెయ్యెత్తింది. "కాదు గురువుగారూ... అక్కడ... గాలి..." అంది. తర్వాత మాట రాలేదు. అటూ ఇటూ చూసింది. "సరే, ఆలోచించి వచ్చే వారం చెప్పు, కూర్చో" అన్నాను. కూర్చుంది. పాఠం ముందుకు సాగింది.

ఆ సాయంత్రం వాళ్ల అమ్మమ్మగారు ఫోన్ చేశారు. ఆమె గొంతులో కోపం లేదు. "మాస్టారూ, మా పిల్ల ఇంటికొచ్చి ఏడ్చింది. అంతరిక్షంలో గాలే ఉండదట కదా. మరి రాకెట్ అక్కడ దేన్ని నెడుతుంది అని అడగాలనుకుందట. క్రియోల్‌లో అయితే గడగడా చెప్పేది. తెలుగులో మాట దొరకలేదు. తరగతిలో తెలుగే మాట్లాడాలని మీరు నియమం పెట్టారు కదా" అన్నారు.

నాకు వెంటనే ఏం చెప్పాలో తెలియలేదు. పిల్ల అనుకున్నది నిజం. నేను చెప్పింది తప్పు. తప్పు చెప్పినవాడికి తెలుగు వచ్చు, నిజం తెలిసిన పిల్లకు తెలుగు రాదు. అందుకే తరగతిలో నా మాటే నిలిచింది. నోట మాట రాకపోతే మనిషి చెప్పే నిజం కూడా ఎవరికీ వినబడదని చెరకు తోటల్లో పనిచేసిన మన పెద్దలకు బాగా తెలుసు. వారి పేరు చెప్పుకుని నడుపుతున్న తరగతిలో నేనూ అదే పని చేశాను.

కాబట్టి ఈ నెల ఆ పాఠాన్ని సరిగ్గా చెబుతాను. ఆ అమ్మాయికి దొరకని మాటలన్నీ ఇందులో ఉంటాయి.

నాకంటే ముందు తప్పు చెప్పినవారు

ఈ తప్పు చేసింది నేనొక్కణ్ణే కాదు. అమెరికాలో రాబర్ట్ గొడార్డ్ అనే శాస్త్రవేత్త ఉండేవారు. రాకెట్‌తో చంద్రుడిదాకా పోవచ్చని ఆయన రాశారు. 1920 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆయన్ని ఎగతాళి చేసింది. గాలి లేని చోట నెట్టడానికి ఏమీ ఉండదు, అక్కడ రాకెట్ ఎలా పనిచేస్తుంది, బడిపిల్లలకు తెలిసింది కూడా ఈయనకు తెలియదా అన్న ధోరణిలో రాసింది.

గొడార్డ్ తన పని మానలేదు. 1926 మార్చి 16న మాసచూసెట్స్ రాష్ట్రంలోని ఆబర్న్ అనే ఊళ్లో ఒక పొలంలో ఆయన రాకెట్ ఎగిరింది. దాని ఇంధనం పెట్రోలు, దాన్ని మండించేది ద్రవ ఆక్సిజన్. అది రెండున్నర సెకన్లే ఎగిరింది. లేచిన ఎత్తు 12 మీటర్ల పైచిలుకు, అంటే ఒక కొబ్బరిచెట్టంత. అయినా ద్రవ ఇంధనంతో ఎగిరిన మొదటి రాకెట్ అదే. ఆయన 1945లో చనిపోయారు. 1969 జూలై 16న అపోలో-11 చంద్రుడి వైపు బయలుదేరింది. ఆ మర్నాడు అదే పత్రిక తన పాత తప్పును ఒప్పుకుంటూ చిన్న సవరణ వేసింది.

ఆ పత్రికకు 49 ఏళ్లు పట్టింది. నాకు ఒక వారం పట్టింది.

పడవ, తెడ్డు, రాళ్లు

ముందు తోపుడు సంగతి చూద్దాం. మాహెబూర్ దగ్గర సముద్రం ఎంత నిదానంగా ఉంటుందో మీకు తెలుసు. అక్కడ మీరొక చిన్న పడవలో ఉన్నారనుకోండి. పడవ ముందుకు పోవాలి. అందుకు రెండు దారులున్నాయి.

మొదటి దారి తెడ్డు. తెడ్డుతో నీటిని వెనక్కి తోస్తారు, పడవ ముందుకు పోతుంది. ఆ నీరు పడవలోది కాదు, చుట్టూ ఉన్న సముద్రానిది. నీరు ఉన్నంతసేపూ తెడ్డు పనిచేస్తుంది.

రెండో దారి రాళ్లు. పడవ నిండా రాళ్లు వేసుకుని వచ్చారు. ఒక్కో రాయినీ బలంగా వెనక్కి విసురుతారు. విసిరిన ప్రతిసారీ పడవ కొంచెం ముందుకు జరుగుతుంది. ఆ రాయి దేనికైనా తగలాలా? అక్కర్లేదు. రాయి మీ చెయ్యి వదలగానే పడవకు తోపుడు అందింది. ఆ తర్వాత రాయి నీళ్లలో పడ్డా, గాలిలో ఎగిరిపోయినా పడవకు సంబంధం లేదు. మీరు రాయిని వెనక్కి తోస్తే, రాయి మిమ్మల్ని ముందుకు తోస్తుంది. న్యూటన్ చెప్పిన మూడో నియమం ఇదే.

జెట్ ఇంజన్ తెడ్డు లాంటిది. చుట్టూ ఉన్న గాలిని తీసుకుని వెనక్కి తోస్తుంది. రాకెట్ రాళ్ల పడవ లాంటిది. తాను మోసుకొచ్చిన పదార్థాన్నే వేడి వాయువుగా మార్చి వెనక్కి విసురుతుంది. కింద గాలి ఉన్నా లేకపోయినా దానికి ఒకటే. నిజానికి గాలి లేకపోతే ఇంకా మంచిది. బయటి గాలి ఒత్తిడి అడ్డు పడదు కాబట్టి తోపుడు మరింత పెరుగుతుంది.

నేను తరగతిలో చెప్పిన తప్పు ఇక్కడే ఉంది. రాకెట్ గాలిని నెట్టదు. తన లోపలున్నదాన్ని నెడుతుంది.

కొలిమి

ఇప్పుడు నిప్పు సంగతి. నిప్పు మండాలంటే ఇంధనం కావాలి, దాంతోపాటు ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్‌నే తెలుగు పుస్తకాల్లో ప్రాణవాయువు అంటారు. మనం పీల్చే గాలిలో దాదాపు అయిదో వంతు అదే. వెలుగుతున్న కొవ్వొత్తి మీద గాజు గ్లాసు బోర్లిస్తే కాసేపట్లో ఆరిపోతుంది. గ్లాసులోని ఆక్సిజన్ తగ్గిపోవడమే కారణం.

కమ్మరి కొలిమి మీ తాతలు చూసే ఉంటారు. కమ్మరి తోలుతిత్తితో బొగ్గుల మీదకు గాలి ఊదుతాడు. ఎంత గాలి ఊదితే నిప్పు అంత ఎర్రగా మండుతుంది. తిత్తి ఆగితే నిప్పు మందగిస్తుంది.

జెట్ ఇంజన్ ఎగిరే కొలిమి. అది చేసే పనులు నాలుగు: పీల్చడం, నొక్కడం, కాల్చడం, తోయడం.

ముందున్న పెద్ద ఫ్యాన్ గాలిని పీలుస్తుంది. దాని వెనక వరసలు వరసలుగా తిరిగే రేకులు ఆ గాలిని నొక్కి చిక్కగా చేస్తాయి. ఈ భాగాన్ని కంప్రెసర్ అంటారు. ఇప్పటి పెద్ద ఇంజన్లలో గాలి ఒత్తిడి నలభై, యాభై రెట్లు పెరుగుతుంది. అలా నొక్కిన గాలిలోకి కిరోసిన్ లాంటి ఇంధనాన్ని సన్నగా చిమ్మి మండిస్తారు. మండిన వాయువు వెనక్కి దూసుకుపోతుంది. పోతూ పోతూ టర్బైన్ అనే చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రమే ఇరుసు ద్వారా ముందున్న కంప్రెసర్‌నూ ఫ్యాన్‌నూ తిప్పుతుంది. అంటే ఈ కొలిమిలో తిత్తి ఊదే మనిషి అక్కర్లేదు. నిప్పే తన తిత్తిని తాను ఊదుకుంటుంది.

ఇంగ్లండులో ఫ్రాంక్ విటిల్ 1930లో ఈ ఆలోచనకు పేటెంట్ కోరారు. జర్మనీలో హాన్స్ ఫాన్ ఒహైన్ విడిగా తన ఇంజన్ తయారుచేశారు. ఆ జర్మన్ ఇంజన్‌తో 1939 ఆగస్టు 27న మొదటి జెట్ విమానం ఎగిరింది.

మన ప్లెజాన్స్‌లో దిగే ఎయిర్‌బస్ ఏ350 విమానాన్ని చూడండి. దాని ఇంజన్ ముందున్న ఫ్యాన్ అడ్డంగా మూడు మీటర్లు ఉంటుంది. అది పీల్చిన గాలిలో పదింట తొమ్మిది పాళ్లు మంట దగ్గరికే వెళ్లవు. మంట చుట్టూ పక్కనుంచి వెనక్కి పోతాయి. లోపలి కొలిమి ముఖ్యంగా ఫ్యాన్‌ను తిప్పుతుంది. అసలు తోపుడులో ఎక్కువ భాగం ఫ్యాన్ నెట్టే చల్లగాలిదే. ఎక్కువ గాలిని నెమ్మదిగా తోస్తే ఇంధనం తక్కువ ఖర్చవుతుంది.

తారాజువ్వ

దీపావళికి తారాజువ్వ కాల్చి ఉంటారు. దాని మందు గట్టి కాగితపు గొట్టంలో బిగించి ఉంటుంది. లోపలికి గాలి పోయే దారి లేదు. అయినా ఎలా మండుతుంది?

ఆ మందులో మూడు పదార్థాలుంటాయి: బొగ్గు, గంధకం, సురేకారం. సురేకారాన్నే పెట్లుప్పు అని కూడా అంటారు. బొగ్గూ గంధకమూ మండేవి. సురేకారం వాటికి ఆక్సిజన్ ఇచ్చేది. ఆక్సిజన్ ఆ ఉప్పులో దాగి ఉంటుంది, వేడి తగలగానే బయటికి వస్తుంది. కాబట్టి తారాజువ్వ బయటి గాలిని అడుక్కోదు. తన ఊపిరిని తానే మూటగట్టుకుని వెళ్తుంది.

పెద్ద రాకెట్లు చేసేదీ అదే. కొన్నింటిలో ఘన ఇంధనం ఉంటుంది. అందులో సురేకారానికి బదులు అమ్మోనియం పెర్క్లోరేట్ అనే మరో లవణం వాడతారు. కొన్నింటిలో ద్రవాలు ఉంటాయి: ఒక ట్యాంకులో ఇంధనం, మరో ట్యాంకులో ఆక్సిజన్. ఆక్సిజన్‌ను ద్రవంగా మార్చాలంటే దాదాపు మైనస్ 183 డిగ్రీల దాకా చల్లబరచాలి. ఇంధనంగా ద్రవ హైడ్రోజన్ వాడితే అది దాదాపు మైనస్ 253 డిగ్రీల చలిలో ఉండాలి. ఇలాంటి ఇంజన్లను క్రయోజెనిక్ ఇంజన్లు అంటారు.

మోసుకెళ్లడానికి అయ్యే ఖర్చు

మరి అన్ని విమానాలకూ రాకెట్ ఇంజన్లే పెట్టవచ్చు కదా? ఒక చిన్న లెక్క చూడండి.

ఒక కిలో కిరోసిన్ పూర్తిగా మండాలంటే దాదాపు 3.4 కిలోల ఆక్సిజన్ కావాలి. ఒక విమానం దూర ప్రయాణంలో 70 టన్నుల కిరోసిన్ కాల్చిందనుకుందాం. దానికి దాదాపు 240 టన్నుల ఆక్సిజన్ కావాలి. ఏ350 విమానం మనుషులు, సామాను, ఇంధనం అన్నీ కలుపుకుని గాలిలోకి లేచేటప్పటి బరువే 280 టన్నుల దగ్గర ఉంటుంది. ఇక ఆ ఆక్సిజన్ అంతా మోస్తే మనకు చోటెక్కడిది? గాలి ఊరికే దొరికేచోట దాన్ని మోసుకుని తిరగడం దండగ.

కానీ పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. విమానాలు తిరిగే 11 కిలోమీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టం దగ్గర ఉన్నదాంట్లో మూడో వంతు కూడా ఉండదు. 30 కిలోమీటర్ల ఎత్తులో నూటికి రెండు పాళ్లు కూడా మిగలదు. అక్కడ కొలిమికి ఊపిరి ఆడదు, రెక్కలకు ఆధారం ఉండదు. తెడ్డు ఉంది, నీళ్లు లేవు. ఆ అబ్బాయి ప్రశ్నకు జవాబు ఇదే. విమానం ఎంత కోరుకున్నా చంద్రుడి దగ్గరికి పోలేదు.

రాకెట్ పోగలదు, కానీ అందుకు చాలా బరువు మోయాలి. 2023 జూలై 14న చంద్రయాన్-3ను మోసుకెళ్లిన ఎల్‌వీఎం-3 రాకెట్ బరువు దాదాపు 640 టన్నులు. అందులో చంద్రయాన్-3 బరువు నాలుగు టన్నులు కూడా లేదు. మొత్తం బరువులో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఇంధనమూ దాన్ని మండించే పదార్థమూనే. పక్కనున్న రెండు ఘన ఇంధన బూస్టర్లు రెండు నిమిషాల పైచిలుకులో 400 టన్నులు కాల్చేశాయి. బయలుదేరిన 16 నిమిషాలకు రాకెట్ పని ముగిసింది. జెట్ ఇంజన్ 12 గంటలు ఆగకుండా తిరిగి, మర్నాడు మళ్లీ తిరుగుతుంది. రాకెట్ తన బలమంతా కొన్ని నిమిషాల్లో ఖర్చుపెట్టేస్తుంది.

ఈ రెండింటికీ మధ్య మూడో దారి కూడా వెతుకుతున్నారు. గాలి ఉన్నంత ఎత్తు వరకు ఆ గాలినే పీలుస్తూ పోయే రాకెట్ చేస్తే బరువు తగ్గుతుంది కదా. అలాంటి స్క్రామ్‌జెట్ ఇంజన్‌ను 2016 ఆగస్టు 28న ఇస్రో కొద్ది సెకన్లపాటు మండించి పరీక్షించింది.

శ్రీహరికోట నుంచి మన దీవిదాకా

ఆ పరీక్షకూ చంద్రయాన్ ప్రయాణానికీ బయలుదేరిన చోటు ఒకటే: శ్రీహరికోట. అది ఆంధ్రప్రదేశ్‌లో, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న దీవి. అదే తీరం వెంట ఉత్తరానికి పోతే గోదావరి కలిసే చోట కోరంగి ఉంది. మన పూర్వీకుల్లో చాలామంది ఓడ ఎక్కిన రేవు అది. మనల్ని ఇక్కడ 'కోరంగీలు' అని పిలవడం అందుకే.

శ్రీహరికోట నుంచి బయలుదేరే రాకెట్లను, అవి వదిలే ఉపగ్రహాలను గమనించడానికి ఇస్రోకు మన మారిషస్‌లో ఒక కేంద్రం ఉంది. రాకెట్ హిందూ మహాసముద్రం మీదుగా పోతున్నప్పుడు దాని సంకేతాలను ఇక్కడి యాంటెన్నాలు అందుకుంటాయి. ఆ తీరం నుంచి మన పెద్దలు వారాల తరబడి ఓడలో వచ్చారు. ఇప్పుడు అదే తీరం నుంచి లేచిన రాకెట్ కబురు కొన్ని నిమిషాల్లో మన దీవికి అందుతుంది. ఇక మారిషస్ సొంత ఉపగ్రహం మిర్-శాట్1 కూడా 2021 జూన్‌లో అంతరిక్షానికి వెళ్లింది.

తర్వాతి శనివారం

ఆ ఫోన్ తర్వాతి శనివారం తరగతికి వెళ్లి బోర్డు మీద రెండు వాక్యాలు రాశాను. మొదటిది: "పోయిన వారం నేను తప్పు చెప్పాను." రెండోది: "మాట దొరకకపోతే క్రియోల్‌లో చెప్పండి. తెలుగు మాట అందరం కలిసి వెతుకుదాం." తెలుగే మాట్లాడాలన్న పాత నియమం తీసేశాను.

తర్వాత ఆ అమ్మాయిని పిలిచాను. బల్ల మీదకు రెండు వస్తువులు తెచ్చింది: ఒక చిన్న చేతిఫ్యాను, ఒక బుడగ. ముందు ఫ్యాను చూపించి, "ఇది బయట గాలి తీసుకుంటుంది" అంది. తర్వాత బుడగ ఊది వదిలేసింది. అది గది అంతా తిరిగి నా కళ్లద్దాలకు తగిలింది. పిల్లలందరూ నవ్వారు. నవ్వు ఆగేదాకా నిలబడి, నెమ్మదిగా చెప్పింది: "అక్కడ గాలి లేదు. అయినా రాకెట్ వెళ్తుంది. రాకెట్ తన గాలి తనే తీసుకెళ్తుంది."

ఆ మూడు వాక్యాల్లో ఒక్క తప్పు లేదు. ఈ వ్యాసమంతా నేను రాసింది ఆ మూడు వాక్యాలకు వివరణ మాత్రమే.

అమ్మా, పోయినసారి నిన్ను కూర్చోమన్నందుకు నన్ను మన్నించు.

ఈ నెల మాటలు

ఇంధనం – మండడానికి వాడేది. కట్టెలు, బొగ్గు, కిరోసిన్ ఇంధనాలు.
ప్రాణవాయువు – ఆక్సిజన్. మనం బతకడానికీ నిప్పు మండడానికీ కావాలి.
కొలిమి – కమ్మరి ఇనుము కాల్చే నిప్పుగుంట.
తిత్తి – గాలి ఊదే తోలుసంచి.
తెడ్డు – పడవ నడిపే కర్ర.
తోపుడు – నెట్టే బలం.
శూన్యం – ఏమీ లేని చోటు. అంతరిక్షంలో గాలి లేదు, అందుకే దాన్ని శూన్యం అంటాం.
ఉపగ్రహం – ఒక గ్రహం చుట్టూ తిరిగేది. చంద్రుడు కూడా ఉపగ్రహమే.

ఇంట్లో చేయండి

ఒకటి: పెద్దవాళ్లను పక్కన ఉంచుకుని, వెలుగుతున్న కొవ్వొత్తి మీద ముందు చిన్న గ్లాసు, తర్వాత పెద్ద గ్లాసు బోర్లించండి. ఏది ముందు ఆరింది? ఎందుకు? తెలుగులో రెండు వాక్యాలు రాయండి.

రెండు: ఊదిన బుడగ జెట్ లాంటిదా, రాకెట్ లాంటిదా? మీ ఇంట్లో తాతయ్యకో అమ్మమ్మకో తెలుగులో చెప్పి ఒప్పించండి. మాట దొరకకపోతే వాళ్లనే అడగండి. వాళ్లకూ దొరకకపోతే మాకు రాసి పంపండి, వచ్చే నెల అందరం కలిసి వెతుకుదాం.